మంత్రాలకు చింతకాయలు రాలతాయా?



ఫిబ్రవరి నెలలో ఒకనాడు తొమ్మిదో తరగతి పిల్లలకు కాంతి గురించి చెబుతున్నాను. తెర మీద బొమ్మలు కనబడాలని కిటికీ తలుపులన్నీ మూయించాను. ఉన్నట్టుండి కరెంటు పోయింది. గది చీకటైంది. వెనక బెంచీలో కూర్చున్న చరణ్ లేచి, చేతిలోని కలాన్ని మంత్రదండంలా పైకెత్తి, "లూమోస్!" అన్నాడు. చిత్రమేమిటంటే, సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది!

తరగతి అంతా ఒకటే చప్పట్లు. "చూశారా మాస్టారూ, మంత్రం పనిచేసింది!" అన్నాడు వాడు.

నేనూ నవ్వాను. కానీ ఆ పూట ఇంటికి వెళ్లాక రెండు ప్రశ్నలు నన్ను వదలలేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? మంత్రం పనిచేసినట్టు కనిపించడానికీ, నిజంగా పనిచేయడానికీ ఉన్న తేడా ఎలా తేల్చాలి? మొదటి ప్రశ్న భాషాశాస్త్రానిది, రెండోది విజ్ఞానశాస్త్రానిది. రెండింటినీ వరసగా చూద్దాం.

లూమోస్ ఎక్కడిది?

ఈ మంత్రం హ్యారీ పాటర్ కథలలోనిదని మీలో చాలామందికి తెలుసు. బ్రిటిష్ రచయిత్రి జె. కె. రౌలింగ్ రాసిన ఈ కథలు ఏడు పుస్తకాలు. మొదటిది 1997లో, చివరిది 2007లో వెలువడ్డాయి. వాటిలోని పిల్లలు మాంత్రిక విద్యలు నేర్పే బడిలో చదువుతారు. మనం సూత్రాలు వల్లె వేసినట్టు వాళ్లు మంత్రాలు వల్లె వేస్తారు.

ఆ మంత్రాలలో చాలా వాటికి మూలం లాటిన్ భాష. ప్రాచీన రోమనులు మాట్లాడిన భాష అది. రోము సామ్రాజ్యం పోయాక కూడా వందల ఏళ్లపాటు యూరపులో చర్చికీ, న్యాయస్థానానికీ, వైద్యానికీ, శాస్త్రానికీ అదే భాష. న్యూటన్ 1687లో తన గతి నియమాలను ప్రకటించిన గ్రంథం లాటిన్‌లోనే ఉంది. మొక్కలకూ జంతువులకూ శాస్త్రీయ నామాలు ఈనాటికీ లాటిన్ పద్ధతిలోనే పెడుతున్నారు. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాష, పెద్ద చదువులు చదివినవారికే తెలిసిన భాష. అందుకే అది సామాన్యుల చెవికి ఏదో శక్తి ఉన్న భాషలా వినిపించేది. మన దేశంలో సంస్కృతానికి ఉన్న స్థానం ఇలాంటిదే. ఈ పుస్తకాలను హిందీలోకి అనువదించినప్పుడు మంత్రాలకు సంస్కృత పదాలు వాడారు. అనువాదకుడు మాటకు మాట వెతకలేదు. లాటిన్ స్థానంలో మనకు ఏ భాష ఉందో చూసి దానిని పెట్టాడు.

ఇక మంత్రాలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

లూమోస్: మంత్రదండం కొసన వెలుగు పుట్టించే మంత్రం. లాటిన్‌లో 'లూమెన్' అంటే వెలుగు. మీ ఇంటికి తెచ్చిన ఎల్.ఇ.డి. బల్బు పెట్టె మీద చూడండి, ఇన్ని ల్యూమెన్లు అని అచ్చు వేసి ఉంటుంది. బల్బు నుంచి బయటికి వచ్చే వెలుగును కొలిచే ప్రమాణం అది. మాంత్రికుడి మాటా, భౌతికశాస్త్రం మాటా ఒకే తల్లి పిల్లలన్నమాట.

నాక్స్: ఆ వెలుగును ఆర్పే మంత్రం. లాటిన్‌లో ఈ మాటకు రాత్రి అని అర్థం. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజును ఇంగ్లీషులో ఈక్వినాక్స్ అంటారు. 'సమాన రాత్రి' అని దాని అర్థం. మనం విషువత్తు అంటాం.

ఇన్‌సెండియో: నిప్పు పుట్టించే మంత్రం. 'ఇన్‌సెండియుమ్' అంటే లాటిన్‌లో అగ్ని ప్రమాదం. దీనికి దగ్గరి చుట్టం 'క్యాండేరే', అంటే తెల్లగా ప్రకాశించడం. క్యాండిల్, అంటే కొవ్వొత్తి, ఆ మాట నుంచే వచ్చింది. కాంతి తీవ్రతను కొలిచే ప్రమాణం 'క్యాండెలా' కూడా అక్కడిదే. రోములో పదవికి పోటీ చేసేవారు సున్నపు పొడి రాసి తెల్లగా మెరిపించిన వస్త్రం ధరించేవారు. అందుకే ఎన్నికలలో నిలబడేవారిని ఇంగ్లీషులో నేటికీ క్యాండిడేట్ అంటున్నారు.

పెట్రిఫికస్ టోటాలస్: ఎదుటివాడిని కదలకుండా బిగుసుకుపోయేటట్టు చేసే మంత్రం. గ్రీకులో 'పెట్రా' అంటే రాయి. అహల్య కథ గుర్తుకు వస్తున్నదా? పెట్రోలియంలోని మొదటి సగం కూడా ఈ రాయే. రెండో సగం నూనె. 'రాతి నూనె' అని దాని అర్థం.

ఎక్స్‌పెలియార్మస్: ఎదుటివాడి చేతిలోని దండాన్ని ఎగరగొట్టే మంత్రం. 'ఎక్స్‌పెల్లెరే' అంటే తరిమివేయడం, 'ఆర్మా' అంటే ఆయుధాలు. సైన్యాన్ని ఇంగ్లీషులో ఆర్మీ అనడం ఇక్కడి నుంచే.

వింగార్డియమ్ లెవియోసా: వస్తువును గాలిలో తేలేటట్టు చేసే మంత్రం. కథలో పిల్లలు దీనిని పక్షి ఈక మీద అభ్యాసం చేస్తారు. మొదటి మాటలో రెక్క అనే అర్థం గల ఇంగ్లీషు 'వింగ్' వినిపిస్తుంది. రెండో మాటలో 'లెవిస్' ఉంది. లాటిన్‌లో తేలికైనది అని అర్థం.

ఆకియో, ప్రొటెగో, రిపారో: మొదటిది వస్తువును పిలిచేది, రెండోది కాపాడేది, మూడోది విరిగినదాన్ని బాగుచేసేది. మూడూ ఓకారంతోనే ముగిశాయి, గమనించారా? లాటిన్ క్రియాపదం చివర ఆ ఓకారం ఉంటే 'నేను చేస్తున్నాను' అని అర్థం. 'నేను' అని విడిగా చెప్పనక్కరలేదు. మన తెలుగూ అంతే. 'పిలుస్తున్నాను' అంటే చాలు, పిలిచేది ఎవరో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు, 'ఐ' అని ముందు చెప్పి తీరాలి. ఇంకో విషయం. 'ప్రొటెగో'లోని 'టెగో' అంటే కప్పుతున్నాను. కప్పు తీసేసి లోపల ఉన్నది బయటపెట్టేవాడే డిటెక్టివ్.

అయితే ఒక హెచ్చరిక. ఇవన్నీ స్వచ్ఛమైన లాటిన్ అనుకుని పరీక్షలో రాయకండి. 'లూమోస్' అనే రూపం లాటిన్‌లో లేదు. రచయిత్రి పాత మాటను తీసుకుని కథకు తగినట్టు వంచి వాడుకున్నారు. కుమ్మరి మట్టిని వాడుకున్నట్టే.

మన మాటలూ వాళ్ల మాటలూ

ఇప్పుడు కొంచెం ఆశ్చర్యపరిచే సంగతి. కార్తిక మాసంలో మీ నాయనమ్మ పగలంతా ఉపవాసం ఉండి చీకటి పడ్డాక భోజనం చేస్తుందా? దానిని 'నక్తం' ఉండటం అంటారు. కథలలో రాక్షసుడిని నక్తంచరుడు అంటారు, రాత్రిపూట తిరిగేవాడని. ఈ సంస్కృత 'నక్తం', లాటిన్ 'నాక్స్', ఇంగ్లీషు 'నైట్' మూడూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు.

అలాగే లాటిన్ 'లెవిస్', సంస్కృత 'లఘు' ఒక మూలానివి. లాటిన్ 'క్యాండేరే', సంస్కృత 'చంద్ర' ఒక మూలానివి. చంద్రుడంటే ప్రకాశించేవాడు. లాటిన్ 'లూమెన్', సంస్కృతంలో వెలుగును తెలిపే 'రుచ్' ధాతువు ఒక మూలానివి. 'విరోచనుడు' అని సూర్యుడికి పేరు వచ్చింది ఈ ధాతువు నుంచే.

ఇంగ్లీషులో వెలుగునూ 'లైట్' అంటారు, తేలికైనదాన్నీ 'లైట్' అంటారు. పలకడం ఒకటే కదా అని రెండూ ఒకే మాట అనుకుంటాం. కాదు. మొదటిది 'రుచ్' వంశానిది, రెండోది 'లఘు' వంశానిది. రెండు వేరు వేరు దారుల్లో నడిచి వచ్చి ఒకే గుమ్మం ముందు నిలబడ్డాయి.

ఈ చుట్టరికాలను ఎవరు పట్టుకున్నారు? 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ అనే న్యాయమూర్తి ఒక ప్రసంగం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల మధ్య ఉన్న పోలికలు కాకతాళీయం కావనీ, అవి ఒకే మూలభాష నుంచి పుట్టి ఉండాలనీ అన్నాడు. తరువాత 1822లో జర్మనీకి చెందిన యాకోబ్ గ్రిమ్ ఈ పోలికల వెనక ఉన్న నియమాన్ని వివరించాడు. సంస్కృతంలో, లాటిన్‌లో మాట మొదట 'ప' ఉన్నచోట ఇంగ్లీషు వంటి భాషలలో 'ఫ' వస్తుంది. సంస్కృతంలో 'పితృ', లాటిన్‌లో 'పాటెర్', ఇంగ్లీషులో 'ఫాదర్'. సంస్కృతంలో 'పాద', లాటిన్‌లో 'పెడ్', ఇంగ్లీషులో 'ఫుట్'. ఒక్క మాటలో కాదు, మాట తరువాత మాటలో ఇదే తీరు.

నియమం లేని పోలిక మోసం చేస్తుంది. లాటిన్ 'దేవుస్', సంస్కృత 'దేవ' చుట్టాలే. అదే అర్థం గల గ్రీకు మాట 'థేయోస్'. చూడటానికి అది కూడా వీటి తోబుట్టువులా ఉంటుంది. కానీ ధ్వని నియమాలతో పరిశీలిస్తే దాని వంశం వేరని తేలింది. పోలిక కనబడగానే సంబంధం ఉందనకూడదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో దీనితో పనుంది.

మరి మన తెలుగు? తెలుగు ఆ కుటుంబానికి చెందినది కాదు. తెలుగు, తమిళం, కన్నడం వంటివి సంస్కృతం నుంచి పుట్టలేదనీ, వాటిది వేరే కుటుంబమనీ మద్రాసులో పనిచేసిన ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించాడు. ఆయన వ్యాసం 1816లో క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణ గ్రంథానికి ముందుమాటగా అచ్చయింది. 'లఘువు' మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. మన సొంత మాట 'తేలిక'. దాని మూలం 'తేలు' అనే క్రియ. నీటిలో తేలేది, గాలిలో తేలేది తేలికైనది. పక్షి ఈకను తేలించే మంత్రానికి ఇంతకన్నా తగిన మాట ఏ భాషలో దొరుకుతుంది చెప్పండి!

చింతచెట్టు కింద ప్రయోగం

ఇక రెండో ప్రశ్న. మరునాడు ఈ సంగతులన్నీ చెప్పి, "ఒరే చరణ్, మాట ఎక్కడిదో తెలిసింది. ఇప్పుడు అది పనిచేస్తుందో లేదో చూద్దామా?" అన్నాను. మా బడి వెనక పెద్ద చింతచెట్టు ఉంది. అప్పటికి కాయలు పండి ఉన్నాయి. 'మంత్రాలకు చింతకాయలు రాలతాయా' అని మన సామెత ఉండనే ఉంది. దానినే పరీక్షకు పెట్టాం.

పద్ధతి ఇది. చెట్టు కింద పది నిమిషాలు నిలబడి "ఆకియో" అని మంత్రం చదవాలి. ఇంకో పది నిమిషాలు నోరు మూసుకుని నిలబడాలి. రెండుసార్లూ రాలిన కాయలు లెక్కపెట్టాలి. ముందు ఏది చేయాలో రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చాలి.

మొదటి రోజు మంత్రం చదివినప్పుడు 4 కాయలు రాలాయి. ఊరుకున్నప్పుడు 1 మాత్రమే రాలింది. పిల్లల కేకలకు పక్క తరగతి మాస్టారు బయటికి వచ్చి చూశారు. "మాస్టారూ, మీరు ఓడిపోయారు!" అన్నాడు చరణ్.

"ఇంకా అయిదు రోజులు చేద్దాం" అన్నాను.

ఆరు రోజులు పూర్తయ్యేసరికి లెక్క ఇలా ఉంది. మంత్రం చదివినప్పుడు మొత్తం 13, ఊరుకున్నప్పుడు మొత్తం 14. మొదటి రోజు మంత్రం వేళకు గాలి వీచింది, అంతే. పుస్తకంలో లెక్కలన్నీ రాసిన లావణ్య ఒక మంచి మాట అన్నది. "మొదటి రోజే ఆపేసి ఉంటే మంత్రం నిజమని ఇంటికి వెళ్లి చెప్పేవాళ్లం కదా మాస్టారూ!"

అదీ అసలు సంగతి. మంత్రం చదివితే కాయ రాలిందా అని అడిగితే చాలదు. చదవకపోతే ఎన్ని రాలాయి అని కూడా అడగాలి. ఒకసారి చూసి ఊరుకోకూడదు, పదేపదే చూడాలి. ఒక సంఘటన తరువాత మరొకటి జరిగితే మొదటిదే కారణమని మన మనసు తొందరపడుతుంది. చరణ్ 'లూమోస్' అన్నాడు, కరెంటు వచ్చింది. కానీ కరెంటు పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు కదా!

అబ్రకదబ్ర

ఇంద్రజాలికుడు టోపీలోంచి కుందేలును తీస్తూ 'అబ్రకదబ్ర' అంటాడు. ఈ మాటకు దాదాపు 1800 సంవత్సరాల వయస్సుంది. రోమనుల కాలంలో సెరేనస్ సమ్మోనికస్ అనే ఆయన లాటిన్‌లో పద్యరూపంలో రాసిన వైద్య గ్రంథంలో ఇది మొదటిసారిగా కనిపిస్తుంది. అక్కడ ఇది గారడీ మాట కాదు, జ్వరానికి మందు! ఈ మాటను వరసకు ఒక అక్షరం చొప్పున తగ్గిస్తూ రాసి, దారంతో మెడలో కట్టుకోమని చెప్పాడు. తెలుగు అక్షరాలలో రాస్తే ఇలా ఉంటుంది:

అబ్రకదబ్ర
అబ్రకద
అబ్రక
అబ్ర
అ

అక్షరాలు తరిగినట్టే జ్వరమూ తరిగిపోతుందని నమ్మకం. మన తాయెత్తు లాంటిదే. 1665లో లండన్ నగరాన్ని మహమ్మారి ప్లేగు పట్టుకున్నప్పుడు కూడా జనం ఈ మాటను రాసి కట్టుకున్నారని డానియెల్ డిఫో 1722లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు. హ్యారీ పాటర్ కథలలో ప్రాణం తీసే మంత్రం 'అవాడా కెడావ్రా'. అది ఈ పాత మాటకు సంబంధించినదేనని రౌలింగ్ 2004లో ఎడింబరోలో పాఠకులతో చెప్పారు. రోగి ప్రాణం నిలపడానికి కట్టిన మాట కథలోకి వచ్చేసరికి ప్రాణం తీసే మాట అయింది.

సెరేనస్ చెప్పిన జ్వరం ఎలాంటిది? విడిచి విడిచి వచ్చే జ్వరం. మనం మలేరియా అనే జబ్బు తీరు అదే. మలేరియాలో ఒక రకం జ్వరం ఒకరోజు వచ్చి, మరునాడు తగ్గి, మూడోనాడు మళ్లీ వస్తుంది. జ్వరం కాగుతున్న రోజున తాయెత్తు కడతారు. మరునాడు జ్వరం ఉండదు. తాయెత్తు పనిచేసిందంటారు! మూడోనాడు మళ్లీ వస్తే ఇంకో తాయెత్తు కడతారు. కట్టనివారికి కూడా రెండోనాడు జ్వరం తగ్గిందా అని ఎవరూ అడగలేదు. మా పిల్లలు మొదటి రోజే ఆపేయబోయారే, అలాగే.

'మలేరియా' అన్న పేరు కూడా ఒక పొరపాటే. ఇటాలియను భాషలో దాని అర్థం 'చెడు గాలి'. బురద నేలల మీది గాలి వల్ల జ్వరం వస్తుందని పూర్వం నమ్మారు. 1820లో పారిస్‌లో పెల్లెటియే, కవెంటూ అనే ఇద్దరు సింకోనా చెట్టు బెరడు నుంచి క్వినైన్ అనే మందును వేరుచేశారు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా పాకుతుంది? ఈ చిక్కుముడిలో ముఖ్యమైన ముడి విప్పింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్, రోగిని కుట్టిన దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, మలేరియా క్రిమిని దోమలో గుర్తించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఉంది. హైదరాబాదు వెళ్లినప్పుడు చూడండి.

రోములో మెడకు కట్టిన మాట అడిగిన ప్రశ్నకు జవాబు సికింద్రాబాదులో, ఒక దోమ కడుపులో దొరికిందన్నమాట. పేరు మాత్రం ఇంకా 'చెడు గాలి' గానే ఉండిపోయింది. మన చింతకాయ సంగతీ అంతే. ఇంగ్లీషు 'టామరిండ్' అరబ్బు మాట నుంచి వచ్చింది, 'హిందూ దేశపు ఖర్జూరం' అని అర్థం. అది ఖర్జూరం కాదు. చెట్టు పుట్టినిల్లు కూడా మన దేశం కాదు, ఆఫ్రికా. మాట పుట్టుక తెలుసుకుంటే పూర్వులు ఏమనుకున్నారో తెలుస్తుంది. ఉన్నది ఏమిటో తెలియాలంటే సూక్ష్మదర్శిని తీయాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను?

కథల మంత్రాల గురించి మాస్టారికి ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. చెబుతాను.

నేను అయిదో తరగతిలో ఉండగా నా పక్కన కూర్చునేవాడు వెంకటేశు. నాకన్నా బాగా లెక్కలు చేసేవాడు. ఒక సాయంత్రం గడ్డివామి దగ్గర వాడిని పాము కరిచింది. ఊళ్లోవాళ్లు పక్క ఊరిలో మంత్రం వేసే తాత దగ్గరికి ఎత్తుకెళ్లారు. ఆ తాత మోసగాడు కాదు. పైసా పుచ్చుకునేవాడు కాదు. తన మంత్రం మీద ఆయనకు నిజంగానే నమ్మకం. "ఎంతమందిని బతికించాడో!" అని ఊరంతా చెప్పుకునేది. రాత్రంతా మంత్రం వేశాడు. తెల్లవారుజామున బండి కట్టి ఆసుపత్రికి బయలుదేరారు. దారిలోనే వెంకటేశు పోయాడు.

ఆ తాత అంతమందిని బతికించాడన్నది అబద్ధమా? కాదు, వాళ్లు బతికిన మాట నిజమే. మన దేశంలో ఎక్కువ రకాల పాములకు ప్రాణం తీసే విషం లేదు. విషం ఉన్న పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అలాంటి కాటు తిన్నవాళ్లు మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. బతికినవాళ్లు వచ్చి తాత కాళ్లకు మొక్కారు. పోయినవాళ్లు వచ్చి చెప్పలేరు కదా! మొదటి రోజు చింతకాయల లెక్క లాంటిదే ఆ లెక్క.

విషం ఎక్కినవారిని కాపాడేది విషానికి విరుగుడు మందు. పాము విషాన్ని కొద్ది కొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో ఆ విషాన్ని అడ్డుకునే పదార్థాలు తయారవుతాయి. వాటిని వేరుచేసి చేసిన మందు అది. మన దేశంలో దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. దానిని ఆసుపత్రిలోనే, వైద్యుడే ఇవ్వాలి. ఎవరినైనా పాము కరిస్తే కాటు దగ్గర కోయకండి, నోటితో పీల్చకండి, గట్టిగా కట్టు బిగించకండి. ధైర్యం చెప్పి, కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా, నడిపించకుండా, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. 108కు ఫోన్ చేయండి. ఆ వేళ పోయే ప్రతి నిమిషమూ ప్రాణంతో సమానం.

మాట ఏం చేయగలదు?

అయితే మాటకు శక్తే లేదా? ఉంది. అది ఎక్కడ ఉందో తెలుసుకోవాలి.

ఈ రోజుల్లో కొన్ని ఫోన్లలో 'లూమోస్' అంటే టార్చి వెలుగుతుంది. మా చరణ్ ఒకనాడు ఈ సంగతి చెప్పి, "ఇప్పుడేమంటారు మాస్టారూ?" అన్నాడు. ఏమీ లేదు నాయనా! నీ మాట గాలిలో కంపనాలుగా వెళ్లి ఫోనులోని మైక్రోఫోనును తాకింది. మైక్రోఫోను వాటిని విద్యుత్ సంకేతాలుగా మార్చింది. ఈ సంకేతం వస్తే టార్చి వెలిగించమని ముందుగానే ఒక మనిషి ఆ యంత్రానికి చెప్పి పెట్టాడు. అతడు 'గుమ్మడికాయ' అని చెప్పి పెట్టి ఉంటే 'గుమ్మడికాయ' అన్నా వెలిగేది. శక్తి ఆ మాటలో లేదు, దాన్ని విని అర్థం చేసుకునే ఏర్పాటులో ఉంది.

మాట రాయి మీద పనిచేయదు, విషం మీద పనిచేయదు, చింతకాయ మీద పనిచేయదు. వినగలిగిన మనసు మీద పనిచేస్తుంది. "భయపడకు, ఆసుపత్రికి వెళ్తున్నాం" అన్న మాట పాము కరిచినవాడికి ధైర్యాన్ని ఇస్తుంది. "ముందు ఆసుపత్రికి పోదాం పదండి" అని ఆనాడు గట్టిగా అన్నవాడు ఒక్కడు ఉన్నా వెంకటేశు బతికి ఉండేవాడేమో! ఇంట్లో, ఊళ్లో అలా అనగలిగేది చదువుకుంటున్న మీరే.

చివరగా ఇంకొక్క మాట పుట్టుక. హ్యారీ పాటర్ కథలలో ఎదుటివారి మనసును చదివే విద్యకు 'లెజిలిమెన్స్' అనే మంత్రం ఉంది. 'లెజెరే' అంటే చదవడం, 'మెన్స్' అంటే మనసు. ఆ 'మెన్స్', ఇంగ్లీషు 'మైండ్', సంస్కృత 'మనస్' ఒకే వంశం. ఆ వంశంలోదే 'మంత్రం' కూడా. 'మన్' అంటే ఆలోచించడం, 'త్ర' అనే ప్రత్యయం సాధనాన్ని తెలుపుతుంది. మంత్రం అంటే ఆలోచనకు సాధనం అన్నమాట. ఆ అర్థంలో అయితే మా లావణ్య చింతచెట్టు కింద అన్న మాట నిజమైన మంత్రమే.

కథలు హాయిగా చదవండి. మంత్రాలు నేర్చుకుని ఆడుకోండి. ఆడుకుంటూనే ఈ పనులు చేసి చూడండి.

1. మీ ఊళ్లో చింతచెట్టు ఉంటే మేము చేసిన ప్రయోగం మీరూ చేయండి. కనీసం ఆరు రోజులు చేయండి. గాలి వీచిందో లేదో కూడా రాసుకోండి.

2. మీ సైన్సు పుస్తకంలో నుంచి ల్యూమెన్, పెట్రోలియం లాంటి మాటలు పది ఏరి, వాటి పుట్టుకను గ్రంథాలయంలోని నిఘంటువులో వెతకండి.

3. మీ ఊరికి దగ్గరలో పాముకాటుకు విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో కనుక్కోండి. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. మూడింటిలో ముందు చేయవలసింది ఇదే.